సర్పి రాసిన చెయ్యి

నాకు చదువు రాదు. ఆ సంగతి నీకు తెలుసు. సంతకం నేర్పించింది నువ్వే కదా. అట్లాగని నానమ్మ జన్మలో ఏమీ రాయలేదనుకోకు. నలభై ఏళ్లు రాశాను. కాగితం మీద కాదు, మనుషుల ఒంటి మీద.

నేను చెప్పుకుంటూ పోతాను. నువ్వు మీ పుస్తకాల తీరుగా సాపు చేసి రాసుకో, నాకేం పట్టింపు లేదు. కానీ ఎవరేమన్నారో ఆ మాటలు మాత్రం అన్నట్టే ఉంచు. వాటికి ఇస్త్రీ చేయకు.

సర్పి అంటే తెలియనివాళ్లు కూడా చదువుతారంటున్నావు కాబట్టి ముందు అది చెబుతాను. ఒంటికి ఒక్క పక్కనే, నడుముకో వీపుకో, ఎర్రటి పొక్కులు గుత్తులు గుత్తులుగా లేస్తాయి. పెనం అంటుకున్నట్టు మంట. పాము పాకినట్టు ఒకటే వరసలో సాగుతాయి కాబట్టి సర్పి అన్నారు. ఆ పాము తలా తోకా కలిస్తే మనిషి దక్కడని మా నల్గొండ వైపు భయం. కలవకుండా ఉండాలంటే దాని దారికి అడ్డంగా జాజుతో సింహాన్ని గీయాలి. జాజు అంటే గడపకు పూసే ఎర్రమన్నే, వేరే ఏం కాదు. దీన్నే సర్పి రాయడం అంటారు.

మా ఊళ్లో ఆ చెయ్యి మా అత్తది. కళ్లు మసకబారాక నాకు నేర్పింది. మూడు పొద్దులు రాయాలి. తలస్నానం చేసి, పరగడుపున, నోరు విప్పకుండా రాయాలి. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకూడదు. రాసిన చోట మూడు రోజులు నీళ్లు తగలకూడదు, మందు పడకూడదు. జాజూ మందూ కలిస్తే సర్పి రోషపడుతుందని మా అత్త మరీ మరీ చెప్పింది. నేనూ వచ్చినవాళ్లందరికీ అదే చెప్పాను.

మేం ఎల్బీనగర్ వచ్చాక ఈ సంగతి ఎట్లా పాకిందో పాకింది. వనస్థలిపురం నుంచి ఆఫీసు బ్యాగుతోనే దిగిన సారు ఉన్నాడు, సైదాబాద్ నుంచి ఆటో కట్టించుకుని వచ్చిన ముసలమ్మ ఉంది. పొద్దున్నే గేటు దగ్గర చెప్పులు కనిపిస్తే సర్పివాళ్లు వచ్చారని మీ తాత చాయ్ నీళ్లు ఎక్కువ పెట్టేవాడు. చాలామందికి తగ్గేది కూడా. తగ్గినవాళ్లు మళ్లీ వచ్చి, మీ చెయ్యి మంచిది పెద్దమ్మా అని చెప్పి పోయేవాళ్లు. తగ్గనివాళ్లు మాత్రం తిరిగి వచ్చి తగ్గలేదని చెప్పలేదు. వాళ్లు ఏ దవాఖానకు పోయారో, ఏమయ్యారో నాకు తెలియదు. నా చెవిన పడిందంతా మంచే కాబట్టి నా చెయ్యి మంచిదే అనుకున్నాను.

ఇక మీ తాత పని. దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణం మెట్ల పక్కన కూర్చుని రఫ్ఫు చేసేవాడు. చిరిగిన చోట అతుకు వేయడం కాదు రఫ్ఫు. అదే బట్ట మడతలోంచి పోగులు లాగి, చిల్లు పడ్డ చోట నిలువూ అడ్డం మళ్లీ నేయాలి. నేసినట్టు తెలియకూడదు. నల్ల సూటు మీద నల్లపోగుతో నేసి, ఎక్కడ చిరిగిందో చెప్పుమని బట్ట ఇచ్చినవాడినే అడిగేవాడు. వాడు వెతుక్కుంటుంటే ఈయన బీడీ ముట్టించేవాడు. అదొక సంబరం ఆయనకు. ఆ పనికి చెయ్యి సగం, కన్ను సగం.

ఒకనాడు కుడి కనుబొమ్మ పైన సూదులు గుచ్చుతున్నట్టుందన్నాడు. కొత్త కళ్లద్దాలు పడలేదేమో అనుకున్నాం. మర్నాడు పొద్దున లేచేసరికి నుదుటి మీద, రెప్ప మీద నీటిపొక్కులు. మీ అమ్మ అలర్జీ అంది. నేను గడపలో నిలబడే గుర్తుపట్టాను. సర్పి. డాక్టర్ల కంటే ముందు నేనే చెప్పానని లోపల కొంచెం మురిసిపోయాను కూడా. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా.

స్నానం చేసి జాజు నూరాను. నుదుటి మీద సింహం తల, కనుబొమ్మ మీదుగా నడుము. ముక్కు కొస మీద ఆవగింజంత పొక్కు ఒకటి విడిగా ఉంది. వరసలో లేదు, అదేందో ఒంటరిగా కూర్చుంది. సింహం తోక కొస అక్కడికి తెచ్చి దాన్ని కూడా కప్పేశాను. మొత్తం కుడి సగం ఎర్రగా అయింది. అద్దంలో చూసుకుని మీ తాత ఏమన్నాడనుకున్నావు?

"గిట్లనే దుకాణం కాడ కూసుంటే గిరాకీ పెరుగుతదే. జనం నన్ను సూడనీకె ఒస్తరు."

నేను నవ్వలేదు. రాసేటప్పుడు మాట్లాడకూడదు కదా.

రెండో పొద్దు కూడా రాశాను. ఆ సాయంత్రం మీ అమ్మ ఫోన్‌తో ఫోటో తీసి, తన ఆఫీసులో ఒకామె చెల్లెలు డాక్టరైతే ఆమెకు పంపింది. జవాబు వెంటనే వచ్చింది. ముఖం కడిగి మళ్లీ ఫోటో పెట్టండి, ఈ రంగు కింద ఏముందో కనబడటం లేదు అని. మీ అమ్మ చెంబుతో గోరువెచ్చని నీళ్లు, మెత్తటి బట్ట తెచ్చింది. నేను చెంబు తీసుకుని పక్కన పెట్టాను.

"ఇంకొక్క పొద్దున్నది బిడ్డా. నడిమిట్ల కడుగుతే అది కన్ను మీదికి ఎక్కుతది. నాకు తెల్వదా?"

ఈ మాట అన్నది నేనే. కన్ను మీదికి ఎక్కుతుందని భయపెట్టి కడగనివ్వలేదు. అప్పటికే అది కన్ను దాకా వచ్చేసింది. మీ అమ్మ చెంబు తీసుకుపోయింది. ఆ నీళ్లు తులసి చెట్టుకు పోసిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

మూడో పొద్దు కూడా రాసేశాను. మధ్యాహ్నానికి కన్ను వాచి మూతపడింది. కిటికీ తీస్తే వెలుతురు భరించలేక మొహం గోడకు తిప్పుకున్నాడు. రఫ్ఫు చేద్దామని ఇంటికి తెచ్చి పెట్టుకున్న నల్ల ప్యాంటు ఒకటి ఉంటే, ఎడమకన్ను మూసుకుని వాచిన కన్ను వేళ్లతో విప్పి దాన్ని పట్టి చూస్తున్నాడు. నేను అన్నం కంచంతో వెనకాల నిలబడ్డాను. నన్ను చూడలేదు. తనలో తను అనుకున్నట్టు అన్నాడు.

"పోగు కనవడ్తలేదు."

అంతే. గట్టిగా కూడా అనలేదు. నేను ఆ కంచం అక్కడే పెట్టి మీ అమ్మను పిలిచి, ఎక్కడికి పోవాలో అక్కడికి పోదాం పద అన్నాను. ఆ ఫోటో చూసిన డాక్టరమ్మాయే, తేలిగ్గా లొంగని వైరస్ జబ్బులు చూసే పెద్ద డాక్టరు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉందని ఫోన్‌లో చెప్పింది. మర్నాడు పొద్దున్నే రమ్మన్నారు. ఆ రాత్రి గురించి ఏం చెప్పను, తెల్లారింది, ఆటో ఎక్కాం. మెట్రో పిల్లర్లు ఒకటొకటిగా వెనక్కి పోతుంటే మీ తాత తల మీద కండువా కప్పుకుని నా భుజానికి ఆనుకున్నాడు. తొందరలో ముఖం కడగాలని ఎవరికీ తోచలేదు. నాకు తోచినా నా చెయ్యి ఆడలేదేమో.

అక్కడ గదిలో ఉన్నవాళ్లంతా రకరకాల వైరస్‌ల వాళ్లు. ఒకాయనకు లివర్‌లో ఏళ్ల తరబడి ఉన్న కామెర్ల వైరస్. మణికట్టు మీద పాత వాత మచ్చ, కామెర్లకు కాల్పించుకున్నది. ఆ మచ్చ చూసి నేను నా గోళ్లు చీర కొంగులో దాచుకున్నాను. గోళ్ల సందులో జాజు అట్లాగే ఉంది.

డాక్టరమ్మది కోస్తా వైపు మాట. వయసు మీ అమ్మంతే ఉంటుంది. తడి దూదితో తనే మెల్లగా తుడిచింది. నేను మూడు పొద్దులు రాసిన సింహం నాలుగు దూది ఉండల్లోకి వచ్చేసింది. నుదురు అయిపోయి, కనుబొమ్మ అయిపోయి, ముక్కు కొస దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. టార్చి వేసి చూసింది. ఆ ఒంటరి పొక్కు పగిలి, చుట్టూ ఇంకో రెండు లేచి ఉన్నాయి.

"ఈ ముక్కు మీది ఎప్పుడు లేచిందండి?"

"నిన్ననే డాక్టరమ్మా" అన్నాడు మీ తాత.

"ఈ మట్టి ఎవరు పెట్టారు?"

"ఊర్ల ఒకామె ఉంటది. గామె పెట్టింది."

ముప్పావు కన్ను మూసుకుపోయిన మనిషి నన్ను కాపాడటానికి అబద్ధం చెబుతున్నాడు. మీ అమ్మ నేల చూస్తోంది. నేనూ ఊరుకుంటే ఊరుకోవచ్చు. కానీ డాక్టరమ్మ కలం పట్టుకుని ఇంకో మాట అంది. నుదుటికీ కంటికీ ముక్కు కొసకూ పోయే నరం ఒకటే, ముక్కు కొస మీద పొక్కు వచ్చిందంటే కంటి లోపలికి కూడా పోతున్నట్టు గుర్తు, అది ఏ రోజు వచ్చిందో సరిగ్గా తెలిస్తే కంట్లోకి అది ఎంత దూరం పోయిందో అంచనా కడతాను, నిన్న అంటే ఖాయంగా నిన్నేనా అని.

ఆ రోజు తెలిసినదాన్ని ఆ గదిలో నేనొక్కదాన్నే.

"నేనే పెట్టిన డాక్టరమ్మా" అన్నాను. "మూడు పొద్దులు పెట్టిన. ముక్కు మీదిది మొదటి పొద్దే ఉండె. నేనే సూసిన. నేనే కప్పిన."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను. ఆమె నా గోళ్ల వంక ఒకసారి చూసి, కాగితం మీద రాసింది కొట్టేసి మళ్లీ రాసింది.

"చెప్పి మంచి పని చేశారమ్మా. ఇప్పుడు మాత్రలతో కాదు, అడ్మిట్ చేసుకుని సెలైన్‌లో ఇద్దాం. కంటి డాక్టర్‌ని కూడా ఇప్పుడే పిలుస్తాను."

అప్పుడే అడిగింది, చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా అని. ఆటలమ్మ ఎవరని మీ తాత నన్ను అడిగాడు. మనం అమ్మవారు అంటాం కదా, అదే అని చెప్పాను. పోసింది, ఏడేళ్లప్పుడు, వేపాకుల మీద పండబెట్టారు. అప్పుడు డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. ఆ అమ్మవారు అప్పుడు పోనే లేదట. పొక్కులు మానాయి, స్నానం పోశారు, అందరూ మర్చిపోయారు. ఆ వైరస్ మాత్రం నరం మొదట్లో పండుకుని ఉంది. వయసు మీద పడి, షుగర్ పెరిగి ఒంట్లో బలం తగ్గేసరికి లేచి ఆ ఒక్క నరం వెంబడే నడిచి వచ్చింది. అందుకే ఒక పక్కన, అందుకే వరసగా.

తలా తోకా కలిస్తే ఏమవుతుందని అడిగాను. నలభై ఏళ్ల భయం కదా, అడక్కుండా ఉండలేకపోయాను.

"దాని నరం ఎక్కడ ఆగితే అక్కడే ఆగుతుందమ్మా. ప్రాణం పోయేది అందుకు కాదు. దీనికి మందు పొక్కులు లేచిన మూడు రోజుల్లోపు పడితే బాగా పనిచేస్తుంది. మా బాధంతా ఆ మూడు రోజుల కోసమే."

మూడు రోజులు. నేను రాసేదీ మూడు పొద్దులే కదమ్మా. పరగడుపున, మందు పడకుండా, నీళ్లు తగలకుండా మూడు పొద్దులు. మందుకు అక్కరకొచ్చే ఆ మూడు రోజులనే నేను వచ్చిన ప్రతి మనిషి దగ్గరా తీసుకున్నాను. ఏమీ పుచ్చుకోకూడదని మా అత్త చెప్పింది, పుచ్చుకోలేదనే అనుకున్నాను. సైదాబాద్ ముసలమ్మ గుర్తొచ్చింది. ఆమెకు కూడా సర్పి ముఖం మీదే లేచింది. మళ్లీ రాలేదు. ఆమె ఇల్లు నాకు తెలియదు. ఇప్పుడు తెలిసినా పోయి ఏమని అడగను.

కంటి డాక్టరు ఏదో పసుపు మందు చుక్క వేసి నీలం దీపం పెట్టి చూశాడు. కంటిపాప మీద కొమ్మలు కొమ్మలుగా గీతలు ఉన్నాయన్నాడు. బయట నేను రాస్తుంటే లోపల అది రాసుకుంటూ కూర్చుందన్నమాట.

ఎన్ని రోజులున్నామో నీకు గుర్తుందా, నువ్వు కాలేజీ నుంచి టిఫిన్ బాక్సు తెచ్చేదానివి. రోజుకు మూడు మాట్లు సెలైన్‌లో మందు. దానితో కిడ్నీ దెబ్బ తినకుండా నీళ్లు తాగించాలి, షుగర్ గంటగంటకూ చూడాలి. పొక్కుల నీరు ముట్టుకుంటే, ఇంతవరకు అమ్మవారు పోయనివాళ్లకు అది అంటుకోవచ్చని, చేతులు సబ్బుతో కడుక్కోమని నర్సమ్మ ప్రతిసారీ చెప్పేది. ఒకరి పొక్కు మీద పెట్టిన వేలు కొంగుకు తుడుచుకుని ఇంకొకరి మీద పెట్టిన రోజులు నాకున్నాయి. అది ఆమెకు చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

ఆ డాక్టరమ్మకు ఒక అలవాటు. కొత్తగా వచ్చిన ప్రతి మనిషినీ అడుగుతుంది, ఇక్కడికి రాకముందు ఎవరి దగ్గరికి వెళ్లారు అని. ఎకసెక్కంగా కాదు. మందుల దుకాణం అన్నా, పసరు మందు అన్నా, తాయెత్తు అన్నా ఒకటే మొహంతో వింటుంది. పేరు రాసుకోదు. ఎన్ని రోజులు పోయాయో అది రాసుకుంటుంది.

మూడో రోజో నాలుగో రోజో మీ అమ్మ నాకు అన్నం కలిపి తెచ్చింది. నేను కంచం పక్కకు జరిపాను.

"నువ్వు చెంబు తెచ్చిన్నాడు కడుగుతే అయిపోవు. నేను వినలే."

"ఇప్పుడు వింటున్నరు గద అత్తమ్మా. జర తినుండ్రి, చల్లారిపోతది."

ఇంకో కోడలైతే ఏం అనేదో. ఆ ముద్ద నేను మింగాను.

కన్ను దక్కింది. పూర్తిగా దక్కిందంటే అబద్ధం. పాప మీద ఒక పొర మచ్చ మిగిలింది. ఎదుటి మనిషి కనిపిస్తాడు, బస్సు నంబరు కనిపిస్తుంది, కానీ అన్నీ మంచు పట్టినట్టు ఉంటాయట. నుదుటి మీద మంట ఏడు నెలలు పోలేదు. ఫ్యాను గాలి తగిలినా ముల్లు గీసినట్టుండేది. పొక్కులు మానినా నరం దెబ్బ తింటే అట్లాగే ఉంటుందని, దానికి వేరే మందు ఇచ్చారు. ఆ ఏడు నెలలూ ఆయన ఒక్కనాడు కూడా నా చెయ్యి మాట ఎత్తలేదు. అంతకు ముందు దవాఖానలో ఉన్నప్పుడు ఒక్కసారే ఎత్తాడు. సెలైన్ బుడ్డీని చూపించి, నీ సింహం కంటే గీ బుడ్డి నయముందే, సప్పుడు చేయకుండ పని చేస్తది అన్నాడు.

మళ్లీ దిల్‌సుఖ్‌నగర్ మెట్ల పక్కకు పోయాడు. ఇప్పుడు తెల్లబట్ట, రంగుబట్ట చేస్తాడు. నల్లసూటు తెస్తే మడత పెట్టి తిరిగి ఇచ్చేస్తాడు. నల్లది నాతోని కాదు భాయ్ అంటాడు. ఒకనాడు టిఫిన్ ఇవ్వడానికి పోయి ఈ మాట విన్నాను. నేను వచ్చానని తెలియక అన్నాడు.

జాజు డబ్బా బియ్యం డ్రమ్ము వెనక పెట్టేశాను. ఎవరొచ్చినా రాయనని చెప్పేద్దామనుకున్నాను. మొన్న మళ్లీ చెకప్‌కు పోయినప్పుడు ఆ మాటే డాక్టరమ్మతో అంటే ఆమె ఒప్పుకోలేదు. మీ దగ్గరికి మొదటి రోజే వస్తారమ్మా, నా దగ్గరికి అయిదో రోజు వస్తారు, మీరు తలుపేసుకుంటే వాళ్లు ఇంకొకరి తలుపు కొడతారు, మీరే నాకు పంపించండి అంది. అప్పుడేమో సరేనన్నాను.

పోయిన వారం అల్మాస్‌గూడ నుంచి తల్లీకూతుళ్లు వచ్చారు, చూశావు కదా. తల్లికి నడుముకు సర్పి. ముందు నేను అడిగింది, ఎన్నొద్దులైంది అని. పొద్దుగాలనే చూశామన్నారు. ప్రాణం లేచొచ్చింది నాకు. ఇయ్యాలనే దవాఖానకు పోవాలి, గోలీలు ఇస్తారు, ఇప్పుడే పోండి అన్నాను. కూతురికి కోపం వచ్చింది.

"ఇంత దూరమొస్తే దవాఖానకు పొమ్మంటవేంది పెద్దమ్మా? నీ చెయ్యికి గీర పట్టిందా?"

తల్లి మాత్రం జాకెట్టు కింద చెయ్యి పెట్టి పొక్కుల తలా తోకా ఎంత దూరంలో ఉన్నాయో వేలితో కొలుచుకుంటోంది. ఆ కొలత నాకు తెలుసు. ఆ భయం మీద ఏ మాత్రా పని చేయదు. రాయందే ఆమె ఇక్కడి నుంచి కదలదు, రాస్తే ఆసుపత్రికి పోదు.

డబ్బా తీశాను. సబ్బుతో చేతులు కడుక్కున్నాను. పొక్కుల జోలికి పోకుండా, ఆమె ఎడమ మోచేతి మీద చిన్న సింహం రాశాను. రాసేటప్పుడు మాట్లాడకూడదు కదా, మాట్లాడాను. మా ఆయన కన్ను సంగతి మొదటి నుంచి చివరి దాకా చెబుతూనే రాశాను. అయిపోయాక ఆ తల్లి ఒకటే అడిగింది.

"మందూ జాజూ కలుస్తే అది రోషపడదా?"

"పడదు" అన్నాను. "పడితే నా మీద పడనీ. నువ్వు పో."

మీ నాయన స్కూటర్ మీద ఎక్కించుకుని ఆ తల్లిని డాక్టరమ్మ దగ్గర దింపి వచ్చాడు. కూతురు ఆటోలో వెనకాలే పోయింది, నాతో మాట్లాడకుండానే.

ఇంతే. రాసుకున్నావా? చదువు ఒకసారి. మీ తాత వింటున్నాడు, ఆ మంచం మీద కళ్లు మూసుకున్నట్టు నటిస్తున్నాడు కానీ.

ఏమంటున్నాడు?

"ముక్కు మీది పొక్కు సంగతి నడుమల పెట్టినవు. గది ముందుగాల రాయుమను. సదివేటోడు ఆడిదాంక రాకుంటే?"

సరే, ఆయన చెప్పినట్టే కానీయ్. పైన జాగా ఉంటే అక్కడ రాయి.